తొమ్మిదో రౌండు

మార్చి 2

నీళ్ళు 27 డిగ్రీలు. తలలు 19.

ఈతకొలను రిజిస్టర్లో నేను రోజూ రాసేది ఇంతే: నీళ్ళ వేడి, తలల లెక్క, కింద నా సంతకం. లైఫ్‌గార్డుగా పదహారేళ్ళ నుంచి రాస్తున్నాను. ఈ నోటుబుక్కు వేరు. రిజిస్టర్లో గడి లేనివి ఇందులోకి వస్తాయి.

హెచ్.ఐ.వి. అని ఇక్కడ ఒక్కసారి రాసి పెడుతున్నాను. మళ్ళీ రాయను. తొమ్మిదేళ్ళయింది. రోజుకో మాత్ర. ఎనిమిదేళ్ళుగా రక్తపరీక్షలో వైరస్ కనపడటం లేదు. డాక్టరమ్మకు తెలుసు. మా ఆవిడకు పెళ్ళికి ముందే చెప్పాను. మూడో మనిషికి తెలియదు.

నోటుబుక్కు కొన్నది అందుకు కాదు. ఇవాళ ఉదయం, గేటు తీయకముందు, ఇరవై రౌండ్లు ఈదాను. తర్వాత బట్టల గదిలో బల్ల మీద కూర్చుని ఎడమ కాలికి సాక్సు తొడుక్కున్నాను. కుడి కాలి దాకా వెళ్ళడానికి పది నిమిషాలు పట్టింది. సాక్సు చేతిలోనే ఉంది. దాని మీద రెండు నీలం గీతలున్నాయి. పది నిమిషాలూ వాటినే చూశాను.

వాతావరణం మారుతోంది కదా.

మార్చి 3

పడుకున్నాను.

మార్చి 4

పడుకున్నాను. నిన్నటి పేజీని మళ్ళీ రాసినట్టుంది.

మా ఆవిడ ఆరో నంబరు బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి వచ్చి, మంచం పక్కన నిలబడి అడిగింది.

"బండి రెండు రోజులు షెడ్డులోనే ఉంటే ఏమనుకోవాలి?"

"వాతావరణం."

"నేనూ ఈ ఊళ్ళోనే ఉన్నాను బాబూ. ఆ వాతావరణం నా మీద ఎందుకు పడలేదో?"

డాక్టరమ్మకు ఫోను తనే చేసింది.

మార్చి 6

రక్తం బాగుంది. థైరాయిడ్ బాగుంది. రక్తహీనత లేదు. వైరస్ ఎప్పటిలాగే కనపడలేదు. కాగితాలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి, నేను తప్ప.

"మందు బాగా పనిచేస్తున్నా కొందరికి ఈ అలసట వస్తుంది. ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించలేను" అంది డాక్టరమ్మ. "ఈత మానకండి. కొలత మార్చండి. ఆరు రౌండ్లు, రోజు విడిచి రోజు. వారానికొకటి పెంచండి. ఒంట్లో హుషారుగా ఉన్న రోజు కూడా అంతకు మించొద్దు. మీలాంటివాళ్ళు దెబ్బతినేది ఆ రోజే."

"ఆరు రౌండ్లకు ఒళ్ళు కూడా తడవదు డాక్టరమ్మా."

"అయితే షవర్ కింద నిలబడండి."

మాత్ర రాత్రి వేసుకుంటుంటే కలలు ఎక్కువవుతున్నాయని చెప్పాను. ఉదయం వేసుకోమంది. ఏం కలలని అడిగింది. కొలను పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని తలలు లెక్కపెడుతుంటాను. ప్రతిసారీ ఒకటి ఎక్కువ వస్తుంది. ఎవరిదా అని వెతుకుతాను. నీళ్ళ మధ్యలో అటు తిరిగి ఉంటుంది, ఇటు తిరిగితే నాదే. ఇది చెబితే ఆమె రాసుకోలేదు.

డాక్టరమ్మకు ఈత రాదు. నేనడిగాను, రాదంది.

మార్చి 7

ఇరవై.

మార్చి 9

నీళ్ళు 27. తలలు 24.

తలలు 24 అని రిజిస్టర్లో రాసేటప్పటికి ఏం జరిగిందో వరసగా ఇక్కడ పెడతాను.

లోపలికి వచ్చే ప్రతి మనిషికీ బట్టలు పెట్టుకునే గూటి తాళంచెవి ఇస్తాం. బోర్డు మీద ఎన్ని కొక్కేలు ఖాళీగా ఉంటే నీళ్ళలో అన్ని తలలుండాలి. పది నిమిషాలకోసారి ఎత్తు కుర్చీలోంచి లెక్కపెట్టాలి. ఉదయం పదకొండున్నర. పైకప్పు అద్దాల్లోంచి ఎండ నీళ్ళ మీద పడి, నీళ్ళ మీంచి గోడల మీదకు ఎక్కుతోంది. గోడలు మెల్లగా ఊగుతున్నాయి. మాటలు దూరంగా, మెత్తగా, ఎవరో గుడ్డలో చుట్టి ఇస్తున్నట్టు వినిపిస్తున్నాయి. ఖాళీ కొక్కేలు 24. తలలు లెక్కపెట్టాను: 23. మళ్ళీ లెక్కపెట్టాను: 23.

ఈల వేశాను. అందరినీ పైకి ఎక్కించాను. వణుకుతూ గోడ వెంట నిలబడ్డారు. లోతు వైపు దూకి అడుగంతా చూశాను. నేల పలకలు, ఒక జుట్టు పిన్ను. పైకొచ్చి గోడ దగ్గర లెక్కపెట్టాను: 24.

"ఏమయ్యా, మమ్మల్ని గొర్రెలనుకున్నావా? తోలి లెక్క చూసుకుంటున్నావు?" అంది మోకాళ్ళ నొప్పులకు రోజూ వచ్చే పెద్దావిడ. అందరూ నవ్వారు.

నేను నిద్రపోలేదు. నీళ్ళ మీద వెలుతురు అలా ఉంది.

మార్చి 10

సూపర్వైజరు గారు పిలిచారు. గొంతు పెంచలేదు.

"మీ పదహారేళ్ళలో ఇది మొదటిసారి. అందుకే అడుగుతున్నాను. కునుకు పట్టిందా?"

"లేదండీ. వెలుతురు."

"సరే. ఏటా జరిగే పరీక్షను మీకు ముందుకు జరుపుతున్నాను. ఏప్రిల్ 14. ఎనిమిది రౌండ్లు ఆగకుండా, పదకొండు నిమిషాల్లో. ఆ వెంటనే లోతు వైపు అడుగున వేసిన బరువు దిమ్మను పైకి తేవాలి. అయితే కుర్చీ మీది. కాకపోతే తాళంచెవుల కిటికీ."

తాళంచెవుల కిటికీ చెడ్డ పనేం కాదు. అక్కడి నుంచి నీళ్ళు కనపడవు. అంతే.

నేను నిద్రపోలేదు.

మార్చి 11

పంపు గది చూసే పెద్దాయనను అందరూ పంపు బాబాయి అంటారు. వచ్చే ఏడు రిటైరవుతాడు. నాకు పలక పట్టుకుంటావా అని అడిగాను.

పొడవు ఈతలో మనిషికి లెక్క నిలవదు. పాతిక మీటర్లు వెళ్ళి, పాతిక తిరిగొస్తే ఒక రౌండు. నాలుగు రౌండ్లయ్యాక అది నాలుగో ఆరో చెప్పలేం. అందుకని గోడ దగ్గర ఒకరు కూర్చుని, నల్ల పలక మీది ఎర్ర అంకెను నీళ్ళలో ముంచి చూపిస్తారు. ఈదేవాడు ఆ అంకెతో వాదించడు. ఇది మా పనిలో మొదట నేర్పే మాట: తల తప్పు చెబుతుంది, పలక చెప్పదు.

"రౌండు రౌండుకూ వంగితే నా నడుము నీళ్ళలోనే ఉండిపోతుందిరా. అయిదుకోసారి చూపిస్తా" అన్నాడు బాబాయి.

"అయిదు, పది, పదిహేను, ఇరవై. ఇరవై చూస్తేనే ఆగుతాను."

"ఎనిమిది పరీక్షకు ఇరవై ఎందుకురా?"

"ఇరవై ఈదేవాడికి ఎనిమిది లెక్కా?"

బాబాయి నా మొహం వైపు కాసేపు చూశాడు. "నీ ఇష్టం. ఇరవైయే చూపిస్తా" అన్నాడు.

మార్చి 13

ఇరవై. అయిదో అంకె తొందరగా వచ్చినట్టు అనిపించింది. గోడ గడియారం ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

మధ్యాహ్నం కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

మార్చి 14

ఫిల్టరు కడుగుతున్నానని బాబాయి నీళ్ళలో దిగనివ్వలేదు.

మార్చి 15

ఇరవై. సాక్సులు రెండూ వెంటవెంటనే తొడుక్కున్నాను.

మార్చి 16

ఫిల్టరు.

మార్చి 19

నీళ్ళు 27. తలలు 21, ప్రతి లెక్కలోనూ.

ఇరవై. ఎలా ఉందో రాసుకోవాలి. మునుపు పన్నెండు దాటాక భుజాలు నావి కాకుండా పోయేవి. ఇప్పుడు ఇరవై అంకె కనపడేసరికి ఇంకా నాలోనే ఉంటున్నాను. నీళ్ళలో తల పెట్టినప్పుడు పంపు మోత వినిపిస్తుంది. అది చెవుల్లోంచి కాదు, ఛాతీలోంచి వస్తుంది. అడుగున ఉన్న నల్ల గీత నా కిందనుంచి వెనక్కి జరుగుతూ ఉంటుంది. కదిలేది అదే, నేను కాదు అనిపిస్తుంది. అప్పుడు ఎర్ర అంకె నీళ్ళలోకి దిగుతుంది. పక్కన బాబాయి ముడతల చెయ్యి, మోచేతి దాకా.

ఆరు రౌండ్లట. డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పాలి.

మార్చి 22

ఫిల్టరు. ఇంత తరచుగా ఫిల్టరు ఎందుకని అడిగాను. "మనుషులు మురికెక్కువయ్యారు" అన్నాడు.

మార్చి 27

చేతి గడియారం గట్టు మీద పెట్టి ఈదాను. ఇరవై రౌండ్లు, పదహారు నిమిషాలు.

పాతికేళ్ళ వయసులో పోటీకి దిగినప్పుడు ఇదే దూరం నాకు పదిహేడు నిమిషాలు. ఇప్పుడు నా వయసు నలభై నాలుగు. కూడికలు రెండుసార్లు చూశాను. తప్పు లేదు.

ఒక్కొక్క ఒళ్ళు ఆలస్యంగా పండుతుంది.

మార్చి 29

మా ఆవిడకు చెప్పాను. "పదహారు నిమిషాలా? నా బస్సుకు నువ్వు పైలట్‌గా వచ్చెయ్" అంది. నవ్వింది కానీ నా మొహాన్ని అద్దంలో వెనక బండిని చూసినట్టు చూసింది.

ఏప్రిల్ 2

ఉదయం మా ఆవిడకు ఆలస్యం డ్యూటీ. చూస్తానని వచ్చి, మెట్ల మీద కూర్చుంది. ఇరవై ఈది పైకి వచ్చాను. తువ్వాలు ఇస్తూ అంది:

"పన్నెండేగా వేశావు ట్రిప్పులు?"

"ఇరవై."

"పన్నెండు."

"బాబాయి ఇరవై చూపించాడు."

"ఆయన ఏం చూపించాడో నాకు తెలీదు. నేను ట్రిప్పులు లెక్కపెట్టుకుని బతికేదాన్ని. పన్నెండు."

బాబాయి పలకను తుడుస్తున్నాడు. ఒకచోటే తుడుస్తున్నాడు.

పంపు గదిలోకి వెళ్ళి పుస్తకం తీశాను. ఫిల్టరు కడిగింది వారానికి ఒక్కసారి, సోమవారాలు. గోడ గడియారం బ్యాటరీ సొరుగులో ఉంది. గడియారంలో పెట్టాను. నడిచింది.

ఆమె డ్యూటీకి వెళ్ళాక అడిగాను.

"మూడు రౌండ్లకే అయిదు చూపించావా?"

"చూపించా."

"మూడు వారాలు?"

"నువ్వు ఇరవై అన్నావు. నేను ఇరవై చూపించా. ఇద్దరం హాయిగానే ఉన్నాం కదరా."

"అది మోసం బాబాయ్."

"మోసమే. గాలి పట్టిన పంపును ఆపకుండా నడిపితే ఏమవుతుంది? కాలిపోతుంది. దానికి చెబితే వింటుందా? నువ్వు దానికంటే మొండివాడివి." పలక కింద పెట్టాడు. "ఆ రోజు కుర్చీలో నువ్వు ఎలా ఉన్నావో ఈ కిటికీలోంచి చూశా. ఎవరికీ చెప్పలేదు. అది మాత్రం మోసం కాదా?"

"నేను నిద్రపోలేదు."

"నోరు కొంచెం తెరుచుకుని ఉంది."

పంపు నడుస్తోంది. ఆ మోతలో మాట్లాడితే మనిషి మాట కాస్త దూరం నుంచి వచ్చినట్టుంటుంది. ఆ దూరం ఉంది కాబట్టే చెప్పగలిగానేమో. మళ్ళీ రాయనన్న మాటను పైకి అన్నాను. తొమ్మిదేళ్ళు, రోజుకో మాత్ర, వైరస్ కనపడకపోవడం, నా నుంచి ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పడం, అన్నీ రిజిస్టరు చదివినట్టు చెప్పాను.

బాబాయి పలకను మేకుకు తగిలించాడు. వాల్వు వైపు తిరిగాడు.

ఏప్రిల్ 3

బాబాయి రాలేదు.

ఏప్రిల్ 4

రాలేదు.

డ్యూటీ గది స్టాండు మీద టీ గ్లాసులు రెండుండేవి. పదహారేళ్ళుగా నాది ఎడమ, బాబాయిది కుడి. ఇవాళ చూస్తే ఎడమది ఒక్కటే ఉంది. పట్టుకెళ్ళిపోయాడన్నమాట.

ఎవరినీ అడగలేదు. అడగడానికి ఏముంది, గ్లాసు లేదు.

"నేనూ మూడు రోజులు తీసుకున్నాను. గుర్తుందా?" అంది మా ఆవిడ.

గుర్తుంది. నాలుగో రోజు వచ్చి, మాత్ర ఏ టైముకు వేసుకుంటావని అడిగింది. అది పెళ్ళికి ఒప్పుకోవడమని నాకు అర్థం కావడానికి సాయంత్రమైంది.

ఏప్రిల్ 5

బాబాయి వచ్చాడు. వాల్వు కోసం పక్క ఊరి వర్క్‌షాపులో రెండు రోజులు కాపలా కూర్చున్నాడట. నేను నమ్మలేదు. పంపు గదిలోకి వెళ్ళి చూశాను. వాల్వు కొత్తది.

గ్లాసు కూడా అక్కడే ఉంది. నిండా కిరసనాయిలు, అందులో పాత వాల్వు మరలు నానుతున్నాయి.

"ఎదురుగా అదే కనపడింది, వేసేశా. ఇక దాంట్లో తాగితే నేనే అంటుకుంటా. నీది ఇలా ఇవ్వు" అన్నాడు. నా చేతిలో సగం తాగిన టీ తీసుకుని మిగతా సగం తాగేశాడు. గ్లాసు కడగలేదు. స్టాండు మీద ఎడమ వైపే పెట్టాడు.

"మాత్ర మర్చిపోతుంటావా?"

"లేదు."

"తొమ్మిదేళ్ళలో?"

"రెండుసార్లు."

"నా బీపీ మాత్ర వారంలోనే రెండుసార్లు మర్చిపోతా. పోయేవాడిలా ఉన్నది నేనేరా." పలక తీశాడు. "పన్నెండు చాలా?"

"ఎనిమిది. రోజు విడిచి రోజు. నిజం అంకెలు, ప్రతి రౌండుకూ."

"నా నడుము?"

"స్టూలు వేస్తాను."

ఏప్రిల్ 6

మార్చి 9న నిద్రపోయాను. ఎంతసేపో తెలియదు. ఆ సమయంలో ఒక తల మునిగి ఉంటే కనుక్కునేవాడు లేడు.

రాశాను. ఉదయం చదివినా ఇదే ఉంటుంది.

ఏప్రిల్ 7

సూపర్వైజరు గారి గదికి వెళ్ళి అదే చెప్పాను. జబ్బు పేరు చెప్పలేదు, ఆయనకు అవసరం లేదు. ఆ రోజు కునుకు పట్టిందని, కుర్చీలో వరసగా రెండు గంటలు నావల్ల కావడం లేదని, నలభై నిమిషాలకోసారి మనిషి మారాలని చెప్పాను.

ఆయన పెన్ను మూత పెట్టారు, తీశారు.

"చెప్పారు కాబట్టి ఈ కాగితం పైకి పంపక తప్పదు. పరీక్ష ఫలితం జతచేసి పంపుతాను. ఒడ్డెక్కితే నలభై నిమిషాల పద్ధతి అందరికీ పెడదాం, మిగతా ఇద్దరు లైఫ్‌గార్డులూ ఎప్పుడో అడిగారు. ఒడ్డెక్కకపోతే మాత్రం నేనేం చేయలేను."

"చాలండీ."

"పోయిన నెలే చెప్పి ఉండొచ్చుగా?"

వెలుతురు అనలేదు.

ఏప్రిల్ 9

ఎనిమిది. పది నిమిషాల నలభై అయిదు సెకన్లు. నిజం గడియారం, నిజం అంకె. పాతికేళ్ళవాణ్ణి ఎక్కడో దింపేసి వచ్చాను.

ఏప్రిల్ 11

ఎనిమిది. పదకొండు నిమిషాల మూడు సెకన్లు. హుషారుగా ఉండి నిన్న మధ్యాహ్నం మూడు రౌండ్లు దొంగతనంగా ఈదాను, దాని ఫలితం. బాబాయికి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఏప్రిల్ 12, 13

విశ్రాంతి. రెండు రోజులకు ఒకటే మాట చాలు.

ఏప్రిల్ 14

నీళ్ళు 26.5. తలలు: నాది ఒక్కటే.

తలుపులు మూసి, సూపర్వైజరు గారు గడియారం పట్టుకుని మెట్ల వైపు నిలబడ్డారు. అవతలి గోడ దగ్గర, నేను మొదలుపెట్టే చోట, స్టూలు మీద బాబాయి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మా ఆవిడ పైన కూర్చుంది.

మొదటి నాలుగు గుర్తు లేవు. మంచి సంకేతం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అంకెలు వాటంతట అవే దిగి వెళ్ళాయి. అయిదు దగ్గర భుజాల్లోకి ఇసుక వచ్చింది. ఆరు దగ్గర నల్ల గీత వంకర పోయింది. గీత వంకర పోదని నాకు తెలుసు. ఏడు కనపడింది. ఎర్రగా, మామూలు కంటే ఎక్కువసేపు నీళ్ళలో ఉంది.

ఒకటే మిగిలిందని వెళ్ళి వచ్చాను. గోడ దగ్గర పలక దిగింది. ఏడు.

ఇందాక చూసింది ఏదై ఉంటుంది? ఆరును ఏడనుకున్నానా? తల తప్పు చెబుతుంది. పలక చెప్పదు. ఇదే పలక మూడు వారాలు అబద్ధం చెప్పింది. గోడను తన్ని తిరగడానికి అర క్షణం ఉంటుంది. ఆ అర క్షణంలో పలకనే నమ్మాను.

ఆ రౌండు గురించి రాయాలి. ఇక చేయాల్సింది ఏమీ లేదన్నట్టు చేతులు మెత్తబడ్డాయి. పదకొండు నిమిషాలు దాటిపోయి ఉంటాయని తెలుసు. తాళంచెవుల కిటికీ కళ్ళ ముందుకు వచ్చింది, దాని చెక్క అంచు, దాని మీది గీతలు. అది కూడా అడుగున నేల పలకల్లా మెల్లగా వెనక్కి జరిగిపోయింది. ఎండ నీళ్ళలోకి నిలువుగా దిగుతోంది. దాన్ని దాటుకుంటూ వెళ్ళాను. పంపు ఛాతీలో మోగుతోంది. ఎక్కడో ఎవరో అరుస్తున్నారు, గుడ్డలో చుట్టిన అరుపు.

గోడ తాకాను. ఎనిమిది నీళ్ళలోనే ఉంది.

"అయిపోయింది! ఇందాకే అయిపోయిందయ్యా!" సూపర్వైజరు గారు బాట వెంట పరుగెత్తుకొచ్చారు. "ఎనిమిది ఎప్పుడో అయింది. పది యాభై రెండు. ఇది తొమ్మిదోది!"

పైకి చూశాను. మా ఆవిడ తొమ్మిది వేళ్ళు చూపిస్తోంది.

"ఎక్కువ చూపించి మళ్ళీ మోసం చేస్తానేమోనని భయం పట్టుకుందిరా" అన్నాడు బాబాయి. "ఆ భయంలో పలక తిప్పడం మర్చిపోయా. ఏడే ముంచా, రెండోసారి."

తిట్టడానికి ఊపిరి లేదు. ఇంకా దిమ్మ ఉంది.

మొదటిసారి మునిగితే వేళ్ళు తాకి జారింది. పైకొచ్చి, గట్టు పట్టుకుని పది దాకా లెక్కపెట్టాను. ఎవరూ తొందర పెట్టలేదు. రెండోసారి అడుగున దాని మీద చేతులు వేశాక ఒక్క క్షణం ఆగాను. అక్కడ చాలా నిశ్శబ్దం. తర్వాత కాళ్ళతో తన్నాను. దిమ్మను గట్టు మీద పెట్టి, దాని పక్కన తల పెట్టాను. రెండూ ఒకే బరువున్నాయి.

ఏప్రిల్ 15

పడుకున్నాను. వాతావరణం వల్ల కాదు.

ఏప్రిల్ 16

పడుకున్నాను. మా ఆవిడ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని నా కాలికి సాక్సు తొడిగింది. నీలం గీతలది. రెండోది నేనే తొడుక్కున్నాను.

ఏప్రిల్ 18

పైనుంచి కాగితం వచ్చింది. కుర్చీ ఉంది. నలభై నిమిషాలు.

ఏప్రిల్ 21

నీళ్ళు 27. తలలు 22. రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ 22. నలభై నిమిషాలకు దిగిపోయాను.

ఉదయం ఆరు రౌండ్లు. ఆరో అంకె కనపడేసరికి ఒళ్ళు చాలా హుషారుగా ఉంది. ఇంకో పది ఈదగలను. బాబాయి పలకను నీళ్ళలోనే ఉంచి నన్ను చూస్తున్నాడు.

ఆగాను.